బౌలింగ్ హాల్లో రాఖీ పున్నమి

లోవర్ హట్,
5 మార్చి 2017

గిరిజకు,

మన బౌలింగ్ హాల్‌ను కూల్చేస్తున్నారు. నవంబరు భూకంపానికి వెనక గోడ పగిలింది, బాగుచేయడం కన్నా పడగొట్టడమే మేలని తేల్చారట. నిన్న కూరగాయలకు వెళ్తూ కంచె దగ్గర ఆగి చూశాను. పైకప్పు రేకులు తీసేశారు. బంతులు దొర్లించే లేన్ల మీద ఎండ పడుతోంది. మనం ఎప్పుడూ ట్యూబ్‌లైట్ల కిందే చూసిన చెక్క అది. ఎండలో అంత తేనెరంగులో ఉంటుందని నాకు తెలియదు. షూ కౌంటర్ మాత్రం ఇంకా నిలబడే ఉంది. దాని మీద ఎవరో పనివాడు టీ ఫ్లాస్కు పెట్టుకున్నాడు.

ఇదంతా ముందు రాసింది ధైర్యం కోసం. అసలు సంగతి వేరే.

పోయిన ఆదివారం మా కావ్యశ్రీ, మీ సాయితేజ కలిసి ఇంటికి వచ్చారు. కలిసి రావడం కొత్తేమీ కాదు కాబట్టి నేను పెరుగన్నం కలుపుతూనే ఉన్నాను. తేజ నిలబడే, "ఆంటీ, అంకుల్, మేం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం" అన్నాడు. మా ఆయన సంగతి నీకు తెలుసు కదా. మధుసూదనరావుగారు ఒక నిమిషం ఆలోచించి, "కూర్చుని చెప్పు బాబూ, మెడ నొప్పి పెడుతోంది" అన్నారు. అంతే. ఆయన ఒప్పుకున్నట్టే.

భూకంపం తర్వాత దెబ్బతిన్న భవనాలను పరీక్షించే పనిలో తేజ డిసెంబరులో ఈ హాల్‌కు వచ్చాడట. కావ్య స్టేషనుకు వెళ్తూ హెల్మెట్ కింద ముఖం చూసి గుర్తుపట్టి, "ఇక్కడే కదా నువ్వు జారిపడ్డావు" అని పలకరించిందట. మీరు పామర్‌స్టన్ వెళ్ళాక పండగలకు తప్ప వాళ్ళు కలుసుకోనే లేదు కదా. అక్కడ మళ్ళీ మొదలైంది.

నాకు సంతోషంగా ఉంది గిరిజా. మీ తేజ కన్నా మంచి పిల్లాణ్ణి నేను వెతికి తేలేను. కానీ రెండు రోజులుగా నిద్ర లేదు. ఆ సంవత్సరం ఇదే హాల్లో రాఖీ పున్నమి చేసుకున్నాం, గుర్తుందా? మీ మామయ్య మొదటిసారి చూడవచ్చిన సంవత్సరం. కావ్య చేతికి పళ్ళెం ఇచ్చి మగపిల్లలందరికీ రాఖీలు కట్టించింది నేనే. పరాయి దేశంలో మనకు ఎవరున్నారని, కనిపించిన ప్రతి పిల్లాణ్ణీ అన్నయ్యను చేసేశాం. వాళ్ళు పెద్దవాళ్ళవుతారని ఒక్కరికీ తోచలేదు.

తేజకు కట్టిందా లేదా అన్నది నాకు గుర్తు లేదు. కావ్యకు పళ్ళెం గుర్తుంది, చేతులు గుర్తు లేవు. తేజకు జారడం తప్ప ఏమీ గుర్తు లేదు. నా పాత లెక్కల పుస్తకం తీసి చూస్తే శనగపిండి, నెయ్యి, రాఖీలు అని ఉంది. ఎవరి చేతికి అని దుకాణం వాడు రాసివ్వడు కదా.

మీ మామయ్య ఆ రోజంతా అక్కడే ఉన్నారు. ఆయన ఏమంటారో అన్నదే నా భయం.

నీ
విజయ


పామర్‌స్టన్ నార్త్,
16 మార్చి 2017

అక్కా,

నీ ఉత్తరం రాకముందే తేజ చెప్పేశాడు. శనివారం భోజనాల దగ్గర. మా ఆయనకు నవ్వాగక నీళ్ళు పొలమారాయి. నాకు లేచి వాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది. కానీ మామయ్య అన్నం కలిపే చెయ్యి ఆగిపోయింది.

"ఏ కావ్య?"

"విజయ ఆంటీ వాళ్ళ కావ్య, తాతా."

"గా పిల్ల నీకు రాఖీ కట్టింది గదరా."

తేజ నవ్వాడు. "అప్పుడు నాకు ఏడేళ్ళు తాతా. జస్ట్ కిడ్స్ స్టఫ్."

"నీకు ఏడేండ్లు. నాకు అరవై అయిదు. నా కండ్లతోని చూసిన."

మా ఆయన కల్పించుకుని, "బాపూ, వాళ్ళు చుట్టాలు కారు, ఏమీ కారు" అన్నాడు. మామయ్య ఆయన వైపు తిరిగాడు. "మీ ఆడోళ్ళిద్దరు అక్కా చెల్లె అని పిలుసుకుంటరు. అక్కచెల్లెండ్ల పిల్లలు ఏమైతరు?"

"అది ఊరికే పిలుపు, బాపూ."

"నన్ను బాపూ అనేది గూడ ఊరికే పిలుపేనా పాండురంగా?"

తేజ ప్లేటు కడిగి, తన గదిలోకి వెళ్ళి, తెల్లారి మొదటి బస్సుకు వెల్లింగ్టన్ వెళ్ళిపోయాడు.

మామయ్య మొండివాడని అనుకోకు అక్కా. ఆయన సంగతి నీకు సగమే తెలుసు. హనుమకొండలో పక్కింటి వేదవతమ్మ ఆయనకు చిన్నప్పుడు రాఖీ కట్టింది. వాళ్ళ కులం వేరు, ఇల్లు వేరు. ఆయన మాత్రం డెబ్భై ఏళ్ళు ఆమెకు అన్నగానే బతికాడు. ఆమె పిల్లల పెళ్ళిళ్ళకు మేనమామ బట్టలు ఈయనే పెట్టాడు. రెండేళ్ళ కింద ఆమె పోయినప్పుడు ఇక్కడే, ఈ ఇంట్లోనే మైల పట్టాడు. వానలో పెరట్లోకి వెళ్ళి తలమీద చన్నీళ్ళు పోసుకున్నాడు. ఆ కట్టు ఆటే అని ఇప్పుడు ఒప్పుకుంటే, ఆ డెబ్భై ఏళ్ళూ ఏమైనట్టు? నేను ఆయన్ని తప్పు పట్టలేను. అలాగని నా కొడుకు ముఖం చూడలేను.

నీ ఉత్తరం వచ్చిందంటే ఎప్పటిలాగే చదవమన్నాడు. కళ్ళ ఆపరేషన్ తర్వాత కూడా అక్షరాలు అందడం లేదు. హాల్ కూలుస్తున్నారన్న వరకు చదివి, నీకు జలుబు చేసిందని నేను కల్పించి ముగించాను. కాబట్టి నీకు జలుబు చేసింది, మరిచిపోకు.

వాడికి రాఖీ కట్టలేదని రుజువైతే ఆయన ఒప్పుకుంటాడు. ఆ మాట ఆయనే అన్నాడు: "కట్టకుంటే నాకేం బాధ? పిల్ల బంగారం." నువ్వు పద్ధతిగా ఆలోచించేదానివి. ఆ రోజు ఏం జరిగిందో ఒక్కసారి వరసగా రాయి.

నీ
గిరిజ


లోవర్ హట్,
9 ఏప్రిల్ 2017

గిరిజకు,

జలుబు తగ్గింది. వరసగా రాస్తున్నాను. నువ్వు కాదన్న చోట గీత గీయి.

వాన. ఆగస్టు, ఇక్కడి చలికాలం. మనకు ఇచ్చే కమ్యూనిటీ హాల్ ఆ శనివారం ఎవరికో ఇచ్చేశారు. ఇళ్ళేమో అగ్గిపెట్టెలు. బౌలింగ్ హాల్ నడిపే ట్రెవర్ చివరి రెండు లేన్లూ, ఆ మూల బర్త్‌డే బల్లలూ ఇస్తానన్నాడు. ఒకటే షరతు: లేన్ల మీద నూనె ఉంటుంది కాబట్టి నిప్పు వెలిగించకూడదు. పళ్ళెంలో దీపం లేకుండా రాఖీ ఏమిటని నువ్వు గొడవ చేశావు. చివరికి మా ఆయన వర్క్‌షాప్ టార్చి వెలిగించి పసుపూ కుంకుమల మధ్య నిలబెట్టాం. బ్యాటరీతో హారతి ఇచ్చిన మొదటి ఆడవాళ్ళం మనమే అయి ఉంటాం.

తర్వాత షూల గొడవ. మీ మామయ్య పంచె, స్వెటరు, మంకీ క్యాపుతో వచ్చారు. ట్రెవర్ భార్య నోలీన్ ఆయన ముందు ఎర్రా నీలం అద్దె షూ జత పెట్టింది. "ఒకలు తొడిగిన చెప్పులు ఇంకొకలు తొడుగుతరా?" అన్నారు. నోలీన్‌కు మాట అర్థం కాలేదు, ముఖం అర్థమైంది. ఆయన ఎదుటే లోపల మందు కొట్టి, తుడిచి, వాసన చూడమని చేతికిచ్చింది. ఆయన మర్యాదగా వాసన చూసి, మర్యాదగానే తిరిగిచ్చి, ఉన్ని సాక్సులతోనే బెంచీ మీద కూర్చున్నారు. అది చూసి తేజ కూడా, "నేనూ తాతలాగే" అని షూ విప్పేశాడు. మనం వద్దనలేదు. వద్దంటే ఈ ఉత్తరాలు ఉండేవి కావు.

ఆయన బాల్ వేసింది మాత్రం నేను జన్మలో మరవను. గొంతుక్కూర్చుని రెండు చేతులతో తోశారు. అది నడిచి నడిచి లేన్ మధ్యలో ఆగిపోయింది. అలా ఆగిన బంతిని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ట్రెవర్ చీపురు కర్ర పట్టుకుని అంచు వెంబడి నడిచి వెళ్ళి తోస్తే ఒక్క పిన్ను పడింది. పక్క లేన్ల వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. "పడ్డది గద, ఇగ సాలు" అని వెళ్ళి కూర్చున్నారు.

ఇక అసలు ఘట్టం. కావ్య పళ్ళెంతో బెంచీ దగ్గరకు వచ్చింది. మొదట గ్రేసమ్మ కొడుకు షాలెంకు కట్టింది. అది నేను చూశాను. చర్చికి వెళ్ళే ఇల్లయినా గ్రేసమ్మే వాడి చెయ్యి పట్టుకుని ముందుకు చాపించింది. అప్పుడే నోలీన్ షూ సైజులు మళ్ళీ చెప్పమంటే కౌంటర్ వైపు తిరిగాను. నువ్వు లడ్డూల డబ్బా కారులో మరిచిపోయి తేవడానికి వెళ్ళావు. మగవాళ్ళు స్కోరు తెర దగ్గర వాదించుకుంటున్నారు. తర్వాత నాకు తెలిసింది ట్రెవర్ కేక. తిరిగి చూస్తే తేజ తన బంతి వెనక లేన్ మీదకు పరుగెత్తి, సాక్సులతో నూనె మీద బెత్తెడు చేపలా పిన్నుల దాకా జారిపోతున్నాడు. పిన్నులు నిలబెట్టే మెషిన్ ఆపారు. మణికట్టు వాచింది. నువ్వు డబ్బాతో లోపలికి వచ్చేసరికి వాణ్ణి నోలీన్ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది.

షాలెం చేతికీ, ట్రెవర్ కేకకూ మధ్య ఏం జరిగిందన్నదే ప్రశ్న. తేజ అప్పటికే బంతి చేతిలో పట్టుకుని ఉండి ఉంటే, వాడి దాకా పళ్ళెం రాకపోవచ్చు. నాకైతే ఆశ ఉంది.

గ్రేసమ్మకు ఫోన్ చేశాను. ఆమె కూడా లేన్ వైపే పరుగెత్తింది, చేతులు చూడలేదు. కానీ మంచి కబురు ఒకటి చెప్పింది. ట్రెవర్ పోయాక నోలీన్ ఇప్పుడు గ్రేసమ్మ నర్సుగా ఉన్న కేర్ హోమ్‌లోనే ఉందట. ఆ పూట వాడి చెయ్యి పట్టుకున్నది ఆమే కదా. వెళ్ళి అడుగుతాను. మీ మామయ్యకు ఈ ఉత్తరం చదివి వినిపించు, చీపురు కర్ర దగ్గర నవ్వుతారు.

నీ
విజయ


పామర్‌స్టన్ నార్త్,
21 మే 2017

అక్కా,

మామయ్య చీపురు కర్ర దగ్గర నవ్వలేదు. "నోలీనమ్మను అడగమను" అన్నాడు, అంతే.

తేజ ఆక్లాండ్ ఆఫీసుకు బదిలీ అడిగాడట. నాకు చెప్పలేదు, వాళ్ళ నాన్నకు మెసేజ్ పెట్టాడు. తాతకు ఎదురు చెప్పి పెళ్ళి చేసుకోను, కావ్యను చూస్తూ వెల్లింగ్టన్‌లో ఉండలేను అని. ఇంత పెద్దవాడు ఇంత సాధువు ఎందుకయ్యాడో అనిపిస్తోంది. అరిచి పోట్లాడినా బాగుండేది. ప్రతి ఆదివారం తాతకు ఫోన్ చేసేవాడు. నెలయింది. ఆయన ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుని, ఎవరైనా చూస్తే వాతావరణ వార్తలు వింటున్నానంటాడు. రెండు ముద్దలు తిని లేస్తున్నాడు.

నోలీన్‌కు ఎనభై దాటి ఉంటాయి. ఏం గుర్తుంటుంది అక్కా? ఆమె ఏమన్నా సరే, నువ్వు మాత్రం కట్టలేదనే రాయి. నీ ఉత్తరమంటే మామయ్యకు గురి. నువ్వు రాస్తే నమ్ముతాడు. ఇన్నేళ్ళలో నేను నిన్ను ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

గిరిజ


లోవర్ హట్,
18 జూన్ 2017

గిరిజకు,

నువ్వు పోయిన ఉత్తరంలో అడిగింది నేను చేయలేను. నన్ను తిట్టుకో. ఈ రెండు వాక్యాలూ వదిలేసి మిగతాదంతా మీ మామయ్యకు చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా మార్చకు.

కావ్యను తీసుకుని నోలీన్‌ను చూడ్డానికి వెళ్ళాను. కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. నా పేరు గుర్తు లేదు. నా కాళ్ళ వైపు చూసి, "ఐదున్నర, వెడల్పు" అంది. కావ్య వైపు తిరిగి, "నీది అప్పట్లో పదకొండు, పిల్లల సైజు" అంది. మనుషులు పోయి సైజులు మిగిలాయని గ్రేసమ్మ నవ్వింది. నాకు మాత్రం అప్పుడే గుండె జారింది. ఇవి గుర్తున్న మనిషికి అది కూడా గుర్తుంటుంది.

జారిన పిల్లవాడి సంగతి అడిగాను. అడగడమే ఆలస్యం. వాడి ఏడుపు, కూల్‌డ్రింకుల ఐసు సంచిలో కట్టి వేయడం, మణికట్టు వాచి పొంగడం, అన్నీ చెప్పింది. "వాడి చేతికి ఒక అందమైన దారం ఉంది. ఎర్రది, మధ్యలో బంగారు పువ్వు. అది కోసుకుపోతోంది. కత్తెర పట్టుకుని భయపడ్డాను, అదేదో దేవుడి సంగతిలా ఉంది కదా. పక్కన ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని చూశాను. ఆయన తలూపాడు. అప్పుడు కత్తిరించాను" అంది. పాపం, "నేను తప్పు చేశానా?" అని నన్ను అడిగింది. లేదని చెప్పి చెయ్యి పట్టుకున్నాను.

కాబట్టి దారం తేజ చేతికి ఉంది. నాకున్న ఆశ అక్కడితో అయిపోయింది.

తిరుగు దారిలో కావ్యే కారు నడిపింది. సగం దూరం వచ్చాక, "అమ్మా, తాతకి ఏమని రాస్తావ్?" అంది.

"నీకెలా కావాలి?"

"నాకు తేజ కావాలి" అంది. "బట్ అబద్ధం చెప్పి వాళ్ళింటికి వెళ్తే, ఎవ్రీ ఇయర్ రాఖీ డే వస్తుంది కదా. తాత ఫేస్ ఎలా చూడాలి నేను? ట్రూత్ రాసేయ్" అంది. స్టీరింగ్ పట్టుకుని ఏడుస్తోంది. పక్కకు ఆపమన్నాను. ఆపింది. నేను కూడా ఏడ్చాను, తర్వాత ఇద్దరం ఇంటికి వచ్చి అన్నం తిన్నాం.

బాపూ, ఇది మీకు. దీపం లేని పళ్ళెం పిల్ల చేతికిచ్చి అందరికీ కట్టమన్నది నేను. పిల్లలకు ఏమీ తెలియదు. మీ మాట ఆట కాదని నాకు తెలుసు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాను. మీరు ఏం చెప్పినా మా ఇంట్లో మీ మీద గౌరవం తగ్గదు. తేజ ఫోన్ చేయకపోతే మీరే చేయండి. వాడూ ఫోన్ పక్కనే కూర్చుని ఉంటాడు.

విజయ


పామర్‌స్టన్ నార్త్,
16 జూలై 2017

వదినా,

ఆ మాట చూసి ఉత్తరం ఎవరిదోనని కవరు తిప్పి చూడకు, నాదే. రెండుసార్లు "అక్కా" అని రాసి కొట్టేశాను. ఎందుకో చెప్తాను, ముందు తిట్టనివ్వు.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు నా దిండు కింద ఉంది. కోపంతో రెండు రోజులు నీ పేరు ఎత్తలేదు. చివరికి పోయిన ఆదివారం మామయ్యే అడిగాడు. "విజయ ఉత్తరం రాలేదా? గిన్ని దినాలు ఎన్నడు ఆపలె." ఇంక దాచలేక తెచ్చి చదవడం మొదలుపెట్టాను. తొందరలో నువ్వు వదిలేయమన్న రెండు వాక్యాలు కూడా చదివేశాను. ఆయన చెయ్యి ఎత్తాడు.

"ఏమడిగినవ్ బిడ్డా ఆమెను?"

చెప్పేశాను. కట్టలేదని రాయమన్నాను మామయ్యా అని. "సదువు" అన్నాడు.

మొత్తం చదివాను. నోలీన్ కత్తెర దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నాడు. కావ్య కారు ఆపిన దగ్గర మళ్ళీ చదవమన్నాడు. "బాపూ, ఇది మీకు" అన్నది మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. ఇక్కడి గాలి నీకు తెలుసు కదా, కిటికీలు ఊడబెరికేలా కొడుతోంది.

"దాసుకోవచ్చు గద" అన్నాడు. "నోలీనమ్మకు యాది లేదని రాస్తే నాకెట్ల తెలుస్తది? బిడ్డ పెండ్లి ఆగిపోతదని తెలిసి రాసింది."

నేను ఉత్తరం మడిచాను.

"గిరిజా, నాకిప్పుడు యాదికొచ్చింది. గా రాఖీ నాది."

"అదేంది మామయ్యా?"

"గా పిల్ల పళ్ళెం వట్టుకొని వస్తే పోరడు బాల్ వట్టుకొని ఉరికిండు. పిల్ల మూతి ముడుసుకుంది. నా చెయ్యి సాపిన. నాకు కట్టింది. గా పోరడు పడి మొత్తుకుంటుంటే, ఊకుంటడని నాది ఇప్పి వానికి కట్టిన. నోలీనమ్మ అందుకే నన్ను చూసింది. నాది గాకుంటే నన్నెందుకు అడుగుతది?"

"మరి మార్చిలో నా కళ్ళతో చూశానన్నారు కదా?"

"గప్పుడు యాదికి రాలె. ముసలోనికి గిప్పుడు యాదికి రావద్దా? రూలున్నదా?"

మా ఆయన వంటింట్లోంచి వచ్చి నిలబడ్డాడు. "బాపూ, నీకు కడితే కావ్య నీకు చెల్లె అవుతుంది. వీడికి ఏమవుతుంది మరి?" అన్నాడు. అప్పుడు నేను ఆయన నోరు మూసేదాన్నే. కానీ మామయ్య దానికీ సిద్ధంగా ఉన్నాడు.

"తాత చెల్లె అంటే వానికి అమ్మమ్మ వరుస. మన దిక్కు అమ్మమ్మలు మనుమన్ని ఏమంటరు? నా మొగడు వచ్చిండు అనరా? గా పరాచికం నడిచే వరుసనే. గిదాన్ని నిజం చేస్తున్నం, అంతే." అని, చాలా రోజుల తర్వాత, గట్టిగా నవ్వాడు. "మా వేదవతి ఉంటే పడి పడి నవ్వేది" అన్నాడు.

నిజంగా ఆయనకే కట్టిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఆయనే తేజకు ఫోన్ చేశాడు. "ఆక్లాండ్ పోకురా, గాలికి ఎగిరిపోతవ్" అన్నాడు. అక్కడ గాలి లేదు తాతా, మీ దగ్గరే ఉంది అన్నాడట వాడు. ఆ మాత్రం ఎదురు చెప్పినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. బదిలీ వద్దని సోమవారమే రాసిచ్చాడు.

రెండు ఆజ్ఞలు. ఒకటి, "ఇగ విజయను అక్కా అనుడు బందు పెట్టు, వియ్యపురాలు వదిన అయితది." రెండు, రాఖీ పున్నమికి కావ్యను తీసుకుని మీరిద్దరూ రావాలి. పాతది కత్తెరతో పోయింది కాబట్టి కొత్తది కట్టాలట. ఈసారి పళ్ళెంలో నిజం దీపం పెడదాం.

పెళ్ళికొడుకు తల్లినని నన్ను మీరు, గారు అన్నావంటే పోస్టులో చెప్పు పంపిస్తా. సైజు ఐదున్నర, వెడల్పు కదా?

నీ వదిన
గిరిజ


లోవర్ హట్,
9 ఆగస్టు 2017

వదినకు,

క్షేమంగా చేరాం. నువ్వు పెట్టిన సకినాలు దారిలోనే అయిపోయాయి, మా ఆయన డ్రైవ్ చేస్తూనే తిన్నారు. నీ స్టీలు డబ్బా కడిగి పెట్టాను. ఈ ఉదయం తొమ్మిదింటికి కావ్య డ్యూటీకి వెళ్తూ పాట పాడుతోంది. గొంతు బాగాలేదు, అయినా వింటూ కూర్చున్నాను. ఆరు నెలల తర్వాత మొదటిసారి మధ్యాహ్నం నిద్రపోయాను. లేచేసరికి బట్టలు తీగ మీద తడిసిపోయాయి. తడవనీ అనిపించింది. నాకు అలా అనిపించడం కొత్త.

నువ్వు అక్కడ లేనప్పుడు జరిగినది ఒకటి చెప్పాలి.

కావ్య రాఖీ కట్టాక, తేజ తాతను ఆటపట్టించడానికి, "అయితే నేను ఇప్పుడు అమ్మమ్మ కాళ్ళకు మొక్కాలా తాతా?" అన్నాడు కదా, అందరూ నవ్వుతూ ఫోటోలకు పెరట్లోకి వెళ్ళారు. నువ్వు చాయ్ పెట్టడానికి వెళ్ళావు. మీ ఇంటి ముందు గదిలో నేనూ మీ మామయ్యా మిగిలాం. ఆయన చేతిని మోకాలి మీద పెట్టుకుని రాఖీ వైపు చూసుకుంటున్నారు.

"విజయా, ఇటు రా బిడ్డా" అన్నారు. వెళ్ళి కింద కూర్చున్నాను.

"ఆ దినం నేను బెంచి మీదనే ఉన్న. పిల్ల వానికే కట్టింది. నాకు కట్టలె. ఒక్కనాడు గూడ మరువలె."

నేను ఆయన చేతి రాఖీ వైపు చూశాను.

"నువ్వు నిజం రాసినవ్. గంత నిజం రాసే ఇంటి పిల్లను వద్దని నేనేం బాగుపడుత? అందుకే అబద్ధమాడిన. ఇంట్ల ఒకలన్న ఆడాలె గద" అన్నారు. తర్వాత చెయ్యి ఎత్తి చూపించారు. "ఇయ్యాల నాకే కట్టింది. ఇగ అది అబద్ధం గూడ కాదు. వేదవతి లెక్కనే చూసుకుంట దాన్ని. నువ్వేం భయపడకు."

ఆయన కాళ్ళకు దండం పెట్టాను. లేపి, "సాలు తియ్యి, చాయ్ వచ్చిందా చూడు" అన్నారు.

అప్పుడే నువ్వు ట్రే పట్టుకుని వచ్చి నా ముఖం చూసి, "ఏంటి వదినా కళ్ళు, ఉల్లిగడ్డలు కోశావా?" అన్నావు. అవునన్నాను.

కోయలేదు వదినా.

నీ వదిన
విజయ